గాదె నింపడమూ తవక్కులే

భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఇంచుమించు తొంభై నిమిషాలకొకసారి భూగోళాన్ని చుట్టి వస్తున్నది. అందులో నివసించేవారికి ఆహారం, నీరు, దుస్తులు, మందులు భూమి నుండే చేరాలి. 2023 రమజాన్ మాసంలో అక్కడ ఉన్న ఎమిరేట్స్ వ్యోమగామి సుల్తాన్ అల్ నెయాదీకైనా అంతే. ఆ సరుకులను ఎక్కువగా మనుషులు లేని నౌకలే మోసుకెళతాయి. 1978 జనవరిలో సోవియట్ యూనియన్ సల్యూట్-6 కేంద్రానికి పంపిన ప్రోగ్రెస్-1 వాటిలో మొదటిది.

ఈ నౌకలు ప్రతిసారీ గమ్యం చేరవు. 2014 అక్టోబరు 28న సిగ్నస్ నౌకను మోస్తున్న రాకెట్ నేల విడిచిన కొద్ది క్షణాలకే పేలిపోయింది. 2015 ఏప్రిల్‌లో ఒక ప్రోగ్రెస్ నౌక అదుపు తప్పింది. జూన్ 28న డ్రాగన్ నౌక రాకెట్‌తోపాటు ఆకాశంలోనే నాశనమైంది. ఎనిమిది నెలలలో మూడు నౌకల సరుకు పోయింది. అప్పుడు కేంద్రంలో ముగ్గురున్నారు. వారు పస్తులుండలేదు. కొన్ని నెలలకు సరిపడే నిల్వను ముందుగానే ఉంచడమే కారణం. ఒకే నౌకను నమ్ముకోకపోవడం మరొక కారణం. జూలై 5న ఇంకొక ప్రోగ్రెస్ క్షేమంగా చేరింది.

మన ఇళ్లలో కొందరు చేతికి వచ్చినదంతా ఖర్చు చేసి, "అల్లాహ్ ఉన్నాడు, చూసుకుంటాడు" అంటారు. దానికి తవక్కుల్ అని పేరు పెడతారు. ఉపాధిప్రదాత అల్లాహ్ మాత్రమే, సందేహం లేదు. కానీ ఒంటెను కట్టివేసిన తరువాతనే అల్లాహ్‌పై భారం వేయమని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) పంటలు పండే ఏడేళ్లలో ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ చేయించి, కరువు ఏడేళ్లలో ప్రజలను ఆదుకున్నారు. ధర పెరగాలని సరుకు దాచడం పాపం. ఆపత్కాలానికి దాచి, అవసరమైనవారికి పంచడం ప్రవక్తల మార్గం.

లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కుటుంబాలకు ఈ మాట వివరించనక్కరలేదు. వాన ముఖం చాటేసిన సంవత్సరాలను, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన రోజులను పెద్దలు మరచిపోలేదు. పట్టుగూళ్లు అమ్ముడైన నాడు, మగ్గం కూలి అందిన నాడు, జకాత్, సదఖాలతోపాటు పిల్లల చదువుకూ అనారోగ్యానికీ కొంత వేరుగా తీసి ఉంచాలి. నీటి విషయంలోనూ ఇదే నియమం. అంతరిక్ష కేంద్రంలో చెమటను, ఊపిరిలోని తేమను సైతం శుద్ధిచేసి, దాదాపు 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలుగుతున్నారు. ప్రవహించే నది ఒడ్డునైనా వుజూలో నీటిని వృథా చేయరాదని నేర్చుకున్న మనం కుళాయిని విప్పి వదిలేయడం న్యాయమా?

మన దేశమూ ఈ మార్గంలో అడుగుపెట్టింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న అంతరిక్షంలో ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. 2035 నాటికి సొంత కేంద్రం నిర్మించాలన్నది ఇస్రో సంకల్పం. దానికి సరుకులు చేర్చాలన్నా ఈ విద్యే ఆధారం. అవసరం రాకముందే పదేళ్ల ముందుచూపుతో సాగుతున్న ఆ కృషిని మన పిల్లలకు చెబుదాం. వచ్చే నెల ఇంటి ఖర్చు లెక్క వేసేటప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకుందాం. మన శ్రమలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.