అవ్వ మతిని ఏ భాషలో కొలుస్తారు?

హోసూరు, డెంకణికోట, వేపనపల్లి వైపు ఊళ్లలో పెద్దవాళ్లకు మరుపు ముదిరితే "వయసు మీద పడింది, చాదస్తం" అని సర్దుకుపోతాం. పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మితేనో, తాత దారి తప్పితేనో గానీ ఆసుపత్రి గుర్తుకు రాదు. అది చాదస్తం కాదు, డిమెన్షియా అనే జబ్బు కావచ్చు. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. థైరాయిడ్ లోపం, బి12 తగ్గడం, దిగులు కూడా ఇలాగే కనిపిస్తాయి. వాటికి మందుంది. అందుకే ముందు పరీక్ష చేయించాలి.

చిక్కంతా ఆ పరీక్షతోనే. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమంటారు. ఈరోజు ఏ వారం, ఏ నెల అని అడుగుతారు. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటారు. ఇదంతా తమిళంలో సాగితే, సంతలో బేరానికి సరిపడా తమిళం మాత్రమే వచ్చిన, బడి ముఖం చూడని అవ్వ నోరు తెరవకపోవడం మరుపా, భాష రాకపోవడమా? డాక్టరుకు ఎలా తెలుస్తుంది? పైగా ఈ జబ్బులో కొందరికి తర్వాత నేర్చిన భాషే ముందు జారిపోతుంది. తోడొచ్చిన మనవడేమో ప్రశ్నతోపాటు జవాబూ తనే అందిస్తాడు!

2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక, బడిలో తెలుగు నిలబెట్టుకోవాలని మనవాళ్లు గట్టిగానే గొంతెత్తారు. మంచిదే. ఆసుపత్రిలో తెలుగు కావాలని అడిగినవాళ్లేరీ? కొత్తగా కనిపెట్టాల్సిందీ లేదు. ఐసీఎంఆర్ తయారు చేయించిన జ్ఞాపకశక్తి పరీక్ష ఐదు భాషల్లో ఉంది, అందులో తెలుగొకటి. ఇంటికే వైద్యం తెచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగరు మాత్రలతో గడప తొక్కే కార్యకర్తల చేతికి తెలుగులో నాలుగు ప్రశ్నల కాగితం ఇస్తే, అనుమానం ఉన్నవాళ్లు ముందే బయటపడతారు.

ఇంట్లో చేయాల్సింది మనమే చేసుకోవాలి. "ఇప్పుడేగా చెప్పాను" అని గదమాయిస్తే వాళ్లకు గుర్తు రాదు, భయం పెరుగుతుంది. మంచం, చెంబు, చెప్పులు ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. జేబులో పేరు, ఫోను నంబరు రాసిన చీటీ తెలుగులోనే కాదు, తమిళం, కన్నడంలోనూ ఉండాలి. హోసూరులో బస్సెక్కిన తాత అరగంటలో అత్తిబెలె దాటేస్తాడు మరి.

అందరికన్నా నలిగేది కోడలు. ముగ్గురు కొడుకులున్నా చాకిరీ ఆమె ఒక్కదానిదే, నిద్ర లేని రాత్రులూ ఆమెవే. 14416 టెలీమానస్‌కు ఫోన్ చేసి తెలుగులో గోడు చెప్పుకోవచ్చు. కానీ ఆమెకు అంతకన్నా కావాల్సింది వారానికొక పూట సెలవు. ఉగాదికి వేదికలు కట్టే మన తెలుగు సంఘాలు ఆ హాలును వారంలో ఒక మధ్యాహ్నం ఇలాంటి పెద్దవాళ్లకు తెరిచి, ఇద్దరు మనుషుల్ని కూర్చోబెడితే చాలు. పాత పాటలు పాడుకుంటారు, పులిజూదం ఆడుకుంటారు. ఆ మూడు గంటలూ కోడలు నిద్రపోతుంది. ప్రశ్నల కాగితం సంగతి మాత్రం వచ్చే గ్రామసభలోనే అడగాలి, తీర్మానంలో రాయించాలి.