పట్టాలు ముగిసిన చోట

కొత్త ఊరిలో పరాయివాణ్ణి మొట్టమొదట పలకరించేది కుక్కే. ఉద్యోగరీత్యా దేశం నాలుగు చెరగులా తిరిగిన మాకు ఇది అనుభవపూర్వకంగా తెలుసు. ఖరగ్‌పూర్ సంగతి చెప్పనే అక్కరలేదు. 1072 మీటర్ల పొడవైన ఆ ప్లాట్‌ఫారం మీద అర్ధరాత్రి బండి దిగితే, కూలీ కంటె ముందు కుక్క ఎదురు వస్తుంది. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, ఏ భాషలో పిలిచినా తోక ఊపుతుంది. మినీ ఇండియా అని పేరుపడ్డ ఊరి కుక్క కదా!

ఈ శునకాలకు మంచుదేశాలలో బండి లాగే బంధువులు ఉన్నారు. ఈ నెల వారిని గురించి ముచ్చటించదలిచాము. రైల్వే పట్టణంలో ఉంటున్న మన కుటుంబాలకు ఈ కథ బొత్తిగా పరాయిది కాదు. ఇందులో రైలు ఉంది, రైల్వే ఆసుపత్రి కూడా ఉంది.

1925 జనవరి. అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలింది. గొంతులో పొర కట్టి పసివాళ్లకు ఊపిరాడనివ్వని జబ్బు అది. ఊరికి ఉన్న ఒకే ఒక వైద్యుడు కర్టిస్ వెల్ష్. ఆయన వద్ద ఉన్న సీరం కాలం చెల్లినది. సముద్రం గడ్డకట్టినందున ఓడలు రావు. పైకప్పు లేని ఆనాటి విమానాలను ఆ చలిలో నమ్మడానికి లేదు. ఆంకరేజ్‌లోని రైల్వే ఆసుపత్రిలో 3 లక్షల యూనిట్ల సీరం దొరికింది. దానిని రైలులో నెనానా వరకు చేర్చారు. ప్రభుత్వమే నిర్మించిన ఆ రైలుమార్గం పూర్తయిన సందర్భంగా, అదే నెనానాలో 1923లో అధ్యక్షుడు హార్డింగ్ బంగారు మేకు కొట్టారు. నోమ్ దిశగా పట్టాలు అంతకు మించి లేవు.

మిగిలిన దారి 674 మైళ్లు, అనగా 1085 కిలోమీటర్లు. దాదాపు ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు ఉన్నంత దూరం. తపాలా బండ్లకు సాధారణంగా మూడు వారాలకు పైగా పట్టే ఆ దారిని అంచెలుగా విభజించారు. మన మెయిలు బండికి దారిలో డ్రైవర్లు మారినట్లే, 20 మంది బండివారు, సుమారు 150 కుక్కలు ఆ మందు పెట్టెను చేతులు మార్చుకుంటూ మోసుకుపోయారు. తొలి అంచెలోనే చలి సున్నాకు దిగువన దాదాపు 45 డిగ్రీల సెల్సియస్. అయినా ఫిబ్రవరి 2 వేకువన, 127 గంటల 30 నిమిషాలకు మందు నోమ్ చేరింది.

గుర్రాలు ఉండగా కుక్కలే ఎందుకని ఇంజనీరు అడగక మానడు. గుర్రం బరువుకు మెత్తని మంచు దిగబడుతుంది. దాని ఒంటి చెమట చలికి గడ్డకడుతుంది. దానికి కావలసిన మేత ఆ దారిలో దొరకదు. కుక్క తేలిక. ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పి వేడిని వదులుకుంటుంది. రెండు పొరల బొచ్చు దానికి కంబళి. ఎండుచేప దొరికితే చాలు. ఈ బండికి పగ్గాలు ఉండవు. కుడికో ఎడమకో తిరగమని బండివాడు నోటితో చెబితే, ముందున్న నాయక శునకం జట్టును తిప్పుతుంది. బండికి ఆనుకొని ఉండే చివరి జంట అన్నిటిలోకీ బలమైనది. బరువు కదలాలన్నా, మలుపు తిరగాలన్నా భారం మొదట పడేది వాటి మీదనే.

నోమ్‌లోకి అడుగుపెట్టిన చివరి బండి గున్నార్ కాసెన్‌ది, దాని నాయక శునకం బాల్టో. కళ్లు కనిపించని మంచు తుఫానులో అది దారి తప్పకుండా నడిచింది, అది చిన్న పని కాదు. పత్రికలు దానిని ఆకాశానికెత్తాయి. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దాని కంచు విగ్రహం వెలిసింది. కాని అన్నిటికంటె పొడుగైన అంచె లెయొన్‌హార్డ్ సెప్పాలాది, ఆయన నాయక శునకం టోగోది. మందు కోసం నోమ్ నుంచి సుమారు 170 మైళ్లు ఎదురేగి, మందుతో 91 మైళ్లు వెనుదిరిగి, దారిలో గడ్డకట్టిన సముద్రాన్ని దాటిన టోగోకు అప్పటికి సుమారు 12 ఏళ్లు. కుక్కలలో అది వార్ధక్యమే. న్యూయార్క్‌లో దానికి విగ్రహం పెట్టడానికి 2001 వరకు ఆగవలసి వచ్చింది. ఇక మిగిలిన బండివారిలో అధికులు అలాస్కా ఆదివాసులు, తపాలా మోసేవారు. వారి పేర్లు ఎందరికి తెలుసు?

ఈ ప్రశ్న ఒక్క అలాస్కాకే చెందదు. బండి వేళకు చేరితే ప్రయాణికుడు ఇంజను వైపు చూస్తాడు. సుత్తి భుజాన వేసుకొని పట్టాల బిగింపులు చూస్తూ మైళ్లకు మైళ్లు నడిచిన కీమాన్ ఎవరికీ కనిపించడు. మన సంస్థలోనూ అంతే. యంత్రం తిరగడం మొదలైన రోజున మీట నొక్కినవారి ఛాయాచిత్రం పత్రికకెక్కుతుంది. పునాది తవ్వకం నాడు వర్షంలో తడిసి కాపలా ఉన్నవారు ఆ నాటికి వేరొక ఊరికి బదిలీ అయి ఉంటారు, లేదా పదవీ విరమణ చేసి ఉంటారు.

కనుక విభాగాధిపతులకు మాదొక మనవి. ఇకమీదట పని పూర్తయిన సభలో దండలు వేసే ముందు, మొదటి అంచె మొదలుకొని ప్రతి అంచెలో పనిచేసినవారి పేర్లు చదివించండి. ఆ జాబితా ఈ పత్రికకు పంపితే అచ్చు వేయించమని సంపాదకులను మేము అడుగుతాము. పేర్లు ఎక్కువై పుట చాలకపోతే, ఆ నెలకు మా శీర్షిక ఆపి ఆ చోటు వారికే ఇవ్వవచ్చు.