వేలెత్తే ముందు తలెత్తి చూడాలి

అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లో 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు విమానాల జీపీఎస్‌కు అంతరాయం కలిగిన ఘటనలు 465 నమోదయ్యాయని కేంద్రం లోక్‌సభకు తెలిపింది. ఇలాంటి వార్త రాగానే మన వేలు సరిహద్దు అవతలికి లేస్తుంది. అందులో తప్పు లేదు. జామింగ్, స్పూఫింగ్ నేటి యుద్ధాల్లో మామూలు ఆయుధాలే. అయితే సంకేతం తడబడిన ప్రతిసారీ అది శత్రువు పనేనా అన్నదే నా ప్రశ్న. తప్పుడు చోటు చూపించే స్పూఫింగ్ ఆకాశం చేయలేదు. సంకేతాన్ని మసకబార్చడం, మాయం చేయడం మాత్రం దానికి తెలుసు.

ఆ పని చేసేది ఐనోస్ఫియర్. సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలయ్యే ఈ పొరలో సూర్యకిరణాలు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. దాని ఉష్ణోగ్రత పూట పూటకూ మారుతుంది. 1994లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన స్రాస్-సీ2 ఉపగ్రహం సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున దీన్ని కొలిచింది. రాత్రి వెయ్యి కెల్విన్ లోపు ఉండే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత సూర్యోదయ వేళ 3000 దాటుతుంది. మధ్యాహ్నానికి దాదాపు సగానికి దిగుతుంది! తెల్లవారేటప్పుడు ఎలక్ట్రాన్లు తక్కువ. పదిమందికి వండింది ఇద్దరికే వడ్డించినట్టు ఒక్కొక్కదానికీ ఎక్కువ శక్తి అందుతుంది. పొద్దెక్కేకొద్దీ పంక్తి నిండి వాటా తగ్గుతుంది. అంటే ఈ ఉష్ణోగ్రత ఎలక్ట్రాన్ల సాంద్రతకూ ఒక గుర్తు. ఉపగ్రహ సంకేతాన్ని ఆలస్యం చేసేది ఆ సాంద్రతే.

సూర్యాస్తమయం తర్వాత అసలు చిక్కు వస్తుంది. అడుగు పొరలు త్వరగా పలచబడతాయి, పై పొర ఇంకా పైకి లేస్తుంది, మధ్యలో ప్లాస్మా బుడగలు పుడతాయి. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొసకు దగ్గరగా వెళుతుంది. తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నది అందుకే. అక్కడ పుట్టిన అలజడి ఉత్తరాన అహ్మదాబాద్, భోపాల్ అక్షాంశాల దాకా సాగుతుంది. కచ్ సరిహద్దు కూడా ఆ నీడలోనే ఉంది. సూర్యుడు చురుగ్గా ఉండే ఏళ్లలో, విషువత్తుల నెలల్లో ఈ బెడద ఎక్కువ.

దీని మూల్యం ప్రాణాలు కావచ్చు. 2002 మార్చిలో అఫ్గానిస్థాన్‌లోని టాకుర్ ఘర్ శిఖరం మీద దిగవద్దన్న హెచ్చరిక అమెరికా హెలికాప్టర్‌కు అందలేదు. ఆ పోరులో ఏడుగురు అమెరికన్ సైనికులు మరణించారు. ప్లాస్మా బుడగలూ ఒక కారణం కావచ్చని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2022 ఫిబ్రవరిలో సౌర తుపాను ఎగువ వాతావరణాన్ని వేడెక్కించి ఉబ్బించడంతో అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 నేలరాలాయి.

మనం చేతులు ముడుచుకుని లేము. గగన్ వ్యవస్థ, రెండు పౌనఃపున్యాల నావిక్ ఆలస్యాన్ని సరిదిద్దగలవు. బుడగల్లో సంకేతమే తెగిపోతే సరిదిద్దడానికి ఏమీ మిగలదు. తిరుపతి సమీపంలోని గాదంకి రాడార్ ఈ అలజడులను ఏళ్లుగా గమనిస్తోంది.

నేను కోరేది ఒక్కటే. ఐనోస్ఫియర్ స్థితి పరిశోధన పత్రాలకే పరిమితం కాకూడదు. వాతావరణ నివేదికలాగే గంట గంటకూ వాయుసేన, సరిహద్దు దళాల నియంత్రణ గదులకు చేరాలి. డ్రోన్లు గుంపులుగా వచ్చే రాత్రి, తెర మీద సంకేతం ఆగిపోయినప్పుడు, కారణం తేల్చుకోవడానికి అధికారికి నిమిషాలే ఉంటాయి. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య ఆ తీర్పు ఊహ మీద ఆధారపడకూడదు.