నక్కవుల్లికీ కాస్త చోటివ్వండి

ఎండాకాలం వస్తే మా గోదావరిఖని క్వార్టర్లలో ఎవరిని కదిలించినా ఒకటే మాట: "గులాబీలు ఎండిపోతున్నయి వదినా, నల్లా నీళ్లు సాలుతలేవు." మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరిది. బొగ్గు దుమ్ము సరేసరి. ఇలాంటి చోట గులాబీలూ మెత్తటి గడ్డీ తెచ్చి, అంట్లకు దాచుకున్న నీళ్లు వాటికి పోయడం నాకు నచ్చదు. ఈ ఎండలకు అలవాటుపడ్డ నక్కవుల్లి ఉండగా ఎందుకీ తిప్పలు?

పేరులోనే చిన్నచూపుంది చూడండి. ఇంట్లోది తులసి, గట్టు మీదిది కుక్కతులసి. మనం తినేది ఉల్లిగడ్డ, తిననిది నక్కవుల్లి. (పాపం, నక్క ఏం చేసిందో!) నిజానికి ఇది అసలు ఉల్లి కాదు. గడ్డ మాత్రం అచ్చం అలాగే ఉంటుంది.

దీని లెక్కే వేరు. వానలకు ఆకులేస్తుంది, తర్వాత అవి ఎండిపోతాయి. ఇక చచ్చిందనుకుంటాం. ఎండలు ముదిరాక ఒక్క ఆకు కూడా లేకుండా నేలలోంచి పొడుగాటి కాడ లేస్తుంది. దాని నిండా తలవంచుకున్న చిన్న పూలు. పొద్దుగూకాక విచ్చుకుంటాయి, తెల్లారేసరికి వాడిపోతాయి. రంగు మాసినట్టుంటుంది. జడలోకి రాదు, ఒప్పుకుంటాను. కానీ చెంబెడు నీళ్లడగకుండా ఆ ఎండలో పూసేదాన్ని చూస్తే నాకైతే గులాబీ ఆనదు.

ఎర్రమట్టిలో ఇసుక కలిపి, గడ్డ మెడ పైకి కనిపించేలా పెట్టండి. ఆకు ఎండాక నీళ్లు పోయకండి, కుళ్లిపోతుంది. అడవిలోంచి తవ్వి తేవొద్దు. తెలిసినవాళ్ల చేను గట్టున ఉంటే అడిగి ఒక పిల్ల గడ్డ తెచ్చుకోండి. ఒకటి గట్టిగా చెబుతున్నా: ఇది విషం, గుండె మీద దెబ్బకొడుతుంది. రసం తగిలితే దురద. మందులకు వాడతారట కదా అని ఇంట్లో కషాయాలు పెట్టొద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

ఇంకో సంగతి. క్వార్టర్ మనది కాదు. రిటైర్ కాగానే తాళం అప్పజెప్పాలి. పక్కింటి వదిన ఖాళీ చేసిన రోజు సామానంతా లారీ ఎక్కింది, ఇరవై ఏళ్ల కరివేపాకు చెట్టు ఎక్కలేదు. రెండు రెమ్మలు కొంగున కట్టుకుని వెళ్లింది. నక్కవుల్లి అయితే ఆకు ఎండాక తవ్వి, గోనెసంచిలో చుట్టి, గిన్నెల పక్కన పడేసుకుని పోవచ్చు. మా ఆయనకు ఇంకా 14 ఏళ్ల సర్వీసుంది. ఈలోపు మాది పిల్లలు పెడితే మీకూ ఒకటిస్తాను, ఉల్లిగడ్డల బుట్టలో మాత్రం వెయ్యకండి.