మల్కిభరాముడి మీద ప్రేమకథలు చాలు

కె.కోటపాడు బడిలో తెలుగు మాస్టారు మల్కిభరాముడి గురించి చెప్పినప్పుడు, ఎవరో గోల్కొండ సుల్తాను మన భాషకి మనసిచ్చేశాడని మురిసిపోయాను. ముప్పై దాటాక కూడా సాహిత్య సభల్లో అదే కథ వింటున్నాను. తండ్రిని చంపించిన అన్న జంషీద్‌కి భయపడి ఇబ్రహీం 1543లో పారిపోయాడట. విజయనగరంలో అళియ రామరాయలు ఆదరించాడట. ఏడేళ్ళలో తెలుగు వంటబట్టి, తిరిగొచ్చి సుల్తానై కవుల్ని పోషించాడట. శుభం కార్డు.

ఇందులో ఒక పిల్లాడు మాయమయ్యాడు. 1550లో జంషీద్ పోతే గద్దె మీద కూర్చోబెట్టింది అతని కొడుకు సుభాన్‌ని, చిన్నపిల్లాణ్ణి. ఇబ్రహీం సుల్తాను కావడమంటే ఆ అన్నకొడుకుని దించడమే. మరి దించింది తెలుగు పద్యాలా? కాదు. కోటలు చేతిలో ఉన్న నాయకవారీలు, అంటే జగదేవరావు లాంటి తెలుగు సేనానులు. వాళ్ళు ఇటు తిరిగాకే గోల్కొండ తలుపులు తెరుచుకున్నాయి. కొన్నేళ్ళకి ఆ జగదేవరావే ఇబ్రహీంతో చెడి పారిపోవాల్సొచ్చింది.

ఇలా అంటే మతం కళ్ళద్దాలు పెట్టుకున్నావంటారు. మరి రామరాయలు చేసిందేంటి? సదాశివరాయల్ని సింహాసనం మీద కూర్చోబెట్టి తనే రాజ్యం ఏలాడు. ఆ కొలువులో ఇబ్రహీం తెలుగొక్కటే నేర్చుకున్నాడా! అన్నం పెట్టిన ఆ రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి వెళ్ళాడు.

నా గొడవ సుల్తాను మంచివాడా కాదా అని కాదు. ‘ప్రేమ’ అనే మాటతో తెలుగుని చిన్నబుచ్చుతున్నాం. ఎవరో దయతలచి దగ్గరకి తీసినట్టు! కోటల్ని కాసేవాళ్ళు మాట్లాడే భాష అది. గద్దె నిలవాలంటే దాన్ని పట్టించుకోక తప్పదు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం సుల్తానుకి అంకితమైందన్నా, పొన్నగంటి తెలగన యయాతి చరిత్ర ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి అంకితమైందన్నా, అందులో అభిరుచితో పాటు లెక్క కూడా ఉంది. ఆ వంశం తర్వాత్తర్వాత పారశీకంతో పాటు తెలుగులోనూ ఫర్మానాలిచ్చింది. ఫర్మానాలు ప్రేమలేఖలు కావు కదా.

ఇవాళ మనం తెలుగుని ప్రేమించండి బాబూ అని ప్రభుత్వాల్నీ కంపెనీల్నీ బతిమాలుతున్నాం. నేను పనిచేసే చోట ఏ యాప్‌కీ ప్రేమతో తెలుగు పెట్టడం చూడలేదు. వాడేవాళ్ళ లెక్క చూసి పెట్టారు.

ఈసారి సభలో ఎవరైనా మల్కిభరాముడి తెలుగు ప్రేమ మొదలుపెడితే, చెయ్యెత్తి సుభాన్ ఏమయ్యాడని అడుగుతాను.