కుళాయి దగ్గరే తేలాల్సిన సంగతి

నీళ్లు కంపు కొడుతున్నాయని వీధివాళ్లు ఫిర్యాదు చేస్తారు. మర్నాడు మునిసిపాలిటీ మనిషి వచ్చి కాలువ పక్కన బ్లీచింగ్ చల్లి వెళ్తాడు. సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఏ ఇంటి కుళాయి నీళ్లు పట్టారు, పరీక్షలో ఏం తేలింది అంటే చెప్పే నాథుడుండడు. నా కోపమంతా అక్కడే.

2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషితమైన తాగునీరు మనుషుల ప్రాణాలు తీసింది. మన ఊళ్లలో చాలాచోట్ల కుళాయి రోజంతా రాదు. గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. కట్టేశాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పగులు ఉన్నచోట చుట్టూ నిలిచిన మురుగు లోపలికి దిగుతుంది. మళ్లీ వదలగానే ముందుగా బిందెలోకి వచ్చేది ఆ నీళ్లే. అందుకే ట్యాంకు దగ్గర పరీక్ష చేసి బాగున్నాయంటే చాలదు. లైను చివరి ఇంటి కుళాయి దగ్గర, నీళ్లు వదిలే వేళకే పట్టి చూడాలి. తెల్లవారుజామున ఐదింటికి వచ్చిన నీళ్ల సంగతి పదకొండింటికి వచ్చిన అధికారికి ఏం తెలుస్తుంది?

క్లోరోస్కోప్‌తో నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో చూడటం నిమిషాల్లో అయ్యే పని. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. లేదని తేలితే ల్యాబు నుంచి బ్యాక్టీరియా ఫలితం వచ్చేదాకా కూర్చోకుండా ఆ వీధికి ట్యాంకరు పంపి, లీకేజీ వెతకాలి.

నీళ్ల మాట అలా ఉంచితే, హోటల్ తిండి మీద ఫిర్యాదు సంగతి ఇంకా కష్టం. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవారే రుసుము కట్టి ఆ పదార్థాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే రుసుము తిరిగిస్తారు. కానీ పరీక్షకు పంపే ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి. రాత్రి బిర్యానీ తిని తెల్లారి వాంతులతో ఆసుపత్రిలో చేరినవాళ్లు ఆ మాట ముందే ఎలా చెప్పగలరు? ఇక వాళ్లకు దిక్కు ఫుడ్ సేఫ్టీ అధికారే. ఆయన రెండు రోజులకు వస్తే ఆ గిన్నె ఎప్పుడో కడిగేసి ఉంటారు.

నీళ్లయినా, తిండయినా నమూనా ఎక్కడ, ఎన్నింటికి తీశారో, ఫలితం ఏమిటో ఫిర్యాదుదారుకు కాగితం మీద ఇవ్వాలి. వార్డు కార్యాలయం గోడకూ అంటించాలి. ఆ కాగితం చేతికందాక ఫిర్యాదుదారు సంతకం పెడితేనే ఫిర్యాదు మూయాలి.