రాజశేఖరం కొరియాకు మకాం మార్చాడు

మా బిచ్కుందలో భాషకు కొదవ లేదు. మద్నూరు దాటితే మహారాష్ట్ర, జుక్కల్ మీదుగా పోతే కర్ణాటక. సంతలో కూరగాయలమ్మే అవ్వ మరాఠీలో ధర చెప్పి, కన్నడంలో బేరమాడి, తెలుగులో చిల్లర లెక్కపెడుతుంది. ఇన్ని భాషలున్న ఊళ్లోకి ఇంకొకటి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు గానీ, అది వచ్చిన దూరం తలచుకుంటేనే ఆశ్చర్యం. ఇంటర్ చదివే ఆడపిల్లలు ఒకరినొకరు "అన్యోంగ్" అని పలకరించుకుంటున్నారు!

"మా పోరికి ఏం పట్టిందో ఏమో అక్కా, అన్నం తినుకుంట సుత గా కొరియా సీరియలే. ఆ పోరగాళ్లకు మీసం లేదు, గడ్డం లేదు, మొఖానికి పౌడరు, పెదాలకు రంగు. గంతగనం ఏమున్నదాండ్ల?" అని మొన్నొక చెల్లెలు నన్ను నిలబెట్టి అడిగింది. ఏముందో తెలుసుకోవాలంటే కొరియా దాకా పోనక్కర్లేదు. మన అమ్మల కాలానికి పోతే చాలు.

రాజశేఖరం గుర్తున్నాడా? యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవలలో నాయకుడు. పెద్ద ఇల్లు, కారు, పొడుగ్గా హుందాగా ఉండే మనిషి. మనసులో మాట ఒక పట్టాన బయటపెట్టడు. ఎదురుగా జయంతి... మధ్యతరగతి పిల్ల, ఉద్యోగం చేసుకుంటుంది, ఆత్మాభిమానం ఎక్కువ. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఎంతమంది అమ్మాయిలు పాఠ్యపుస్తకం మధ్యలో పత్రిక దాచుకుని చదివారో, ఎందరి పొయ్యి మీద పాలు పొంగిపోయాయో లెక్కలేదు. "నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారు" అని అరుగుల మీద తీర్పులు చెప్పిన పెద్దమనుషులకూ లెక్కలేదు. ఎవరూ చెడిపోలేదు. పుస్తకం చదివే అలవాటు మాత్రం ఇళ్లల్లోకి వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి ఫోనులోకి ఒకసారి తొంగి చూడండి. ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ అనే సీరియల్ ఉంది, 2019-20లో వచ్చింది. దక్షిణ కొరియా డబ్బున్న అమ్మాయి గాలిలో ఎగిరే ఆటాడుతూ సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడుతుంది. అక్కడి సైనికాధికారి ఆమెను దాచి కాపాడతాడు. మాటలు తక్కువ మనిషి. కానీ ఆమె కోసం చేత్తో నూడుల్స్ చేస్తాడు, కాఫీ తాగాలని ఉందంటే గింజలు తెప్పించి తనే వేయించి కాఫీ కాస్తాడు. మన ఇళ్లల్లో స్టవ్ ముందు నిలబడి కాఫీ గింజలు వేయించే మగవాణ్ని ఎప్పుడైనా చూశారా? అదీ సంగతి! రాజశేఖరం కారు దిగి వంటింట్లోకి వచ్చాడు. అంతే తేడా.

ఆ సీరియల్ రాసింది పార్క్ జి-ఉన్ అనే ఆవిడ. సైనికుడికీ డాక్టరమ్మకీ నడిచే ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ (2016) రాసినవాళ్లలో కిమ్ ఉన్-సుక్ అనే ఇంకో ఆవిడ ఉంది. ఒక గల్లీలో ఐదు కుటుంబాలు వండిన కూర గిన్నెల్లో ఒకరింటికొకరు పంపుకునే ‘రిప్లై 1988’ రాసింది లీ ఊ-జుంగ్, ఆవిడా ఆడమనిషే. అక్కడ పేరున్న సీరియల్ రచయితల్లో ఆడవాళ్లు చాలామంది. ఆడది రాసింది ఆడది చూస్తుంది... మన పిల్లలు పడిపోయింది ఆ కుర్రాళ్ల మొహాలకే కాదు, ఆ రాతకు కూడా.

పైగా కథ పదహారు ఎపిసోడ్లలో ముగిసిపోతుంది. మన సీరియల్లో కోడలికి విషం పెట్టిన పాలగ్లాసు ఆమె పెదాల దాకా రావడానికే మూడు వారాలు పడుతుందాయె!

ఇంకో సంగతి, వాళ్ల వరసలు. ఆడపిల్ల అన్నను పిలిస్తే ‘ఓప్పా’, అదే అన్నను తమ్ముడు పిలిస్తే ‘హ్యంగ్’. అక్కను చెల్లెలు ‘ఉన్ని’ అంటుంది, తమ్ముడు ‘నూనా’ అంటాడు. ప్రేమించినవాణ్నీ ఓప్పా అనే పిలుస్తారు. అది విని "అన్నా అంటూ ప్రేమేంటే, ఛీ" అని తల్లులు ముక్కున వేలేసుకుంటున్నారు గానీ, ఆ సందర్భంలో దాన్ని మన ‘బావా’ లాగా అర్థం చేసుకోవాలి. పెద్దల ముందు వంగి దండం పెట్టడం, గుమ్మం దగ్గర చెప్పులు విడవడం, అందరూ ఒకేచోట కూర్చుని అన్నం తినడం... అమెరికా సినిమా చూస్తే పరాయి ఇల్లు చూసినట్టుంటుంది. ఇది చూస్తే ఎరిగినవాళ్ల ఇంటికి పోయినట్టుంటుంది. వాళ్ల కిమ్చీ కూడా అంతే. చలికాలం ముందర ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కలిసి బస్తాలకొద్దీ క్యాబేజీకి ఉప్పు పట్టించి, కారం, వెల్లుల్లి పూసి జాడీల కెత్తుతారు. ఆ కిమ్చీ పెట్టుకునే ఆచారాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆవకాయ రోజులకు ఆ భాగ్యం ఎప్పుడు పడుతుందో!

ఇదంతా దానంతటది ఊడిపడలేదు. 1994లో కొరియా అధ్యక్షుడికి సలహాదారులు ఒక లెక్క చూపించారు. ‘జురాసిక్ పార్క్’ అనే ఒక్క సినిమా సంపాదన పదిహేను లక్షల హ్యుందాయ్ కార్ల అమ్మకంతో సమానమని. 1997 చివరికి ఆ దేశం అప్పుల్లో దివాలా అంచుకొచ్చింది. 1998 మొదట్లో జనం వరసల్లో నిలబడి సొంత బంగారం ప్రభుత్వానికి అప్పగించారు. పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజుకు పెట్టిన ఉంగరాలు, సుమారు 35 లక్షల మంది ఇచ్చింది 220 టన్నుల పైచిలుకు. ఆ ఉంగరాలు తీసిచ్చిన ఆడవాళ్ల మనసు మనకు ఒకరు చెప్పాలా? ఆ గండం తర్వాతే అక్కడి ప్రభుత్వం సినిమా, పాట, టీవీలను కూడా పరిశ్రమగా చూసి డబ్బు పెట్టింది.

మరి అంతగా పొంగిపోయింది ఎవరనుకున్నారు? కాలేజీ పిల్లలు కాదు, జపాను గృహిణులు. ‘వింటర్ సొనాటా’ సీరియల్ 2003లో అక్కడి టీవీలో వచ్చింది. 2004లో ఆ హీరో బే యోంగ్-జూన్ టోక్యో విమానాశ్రయంలో దిగితే వేలమంది కాచుక్కూర్చున్నారు, ఎక్కువమంది నడివయసు ఆడవాళ్లే. భర్తలు నవ్వారట. నవ్వితే నవ్వారు గానీ జపానులో ఈ అల లేచింది ఆ వంటిళ్ల నుంచే.

మన దేశంలో మొదట మణిపూర్‌కు వచ్చింది. 2000లో అక్కడి తీవ్రవాదులు హిందీ సినిమాలు ఆడకుండా చేస్తే, ఆ ఖాళీలో కొరియా ఛానల్ దూరింది. తర్వాత లాక్‌డౌన్, చేతిలో ఫోను... 2021లో ‘స్క్విడ్ గేమ్’ వచ్చేసింది. అంతకుముందే, 2019లో మనం చూసి నవ్వి ఏడ్చిన ‘ఓ! బేబీ’ ఉంది కదా, నందినీరెడ్డి తీసింది, సమంత, లక్ష్మి వేసింది... అది 2014 నాటి కొరియా సినిమా ‘మిస్ గ్రానీ’యే. డెబ్బై దాటిన ముసలావిడకు పడుచుదనం తిరిగొస్తే ఆమె ఏం చేస్తుందన్న కథ. మన బామ్మ కాదని ఎవరన్నారు? అనంతపురం దిక్కున పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొరియా వాళ్లు అక్కడికే వచ్చి ఉంటున్నారు, వాళ్ల భోజనం పెట్టే హోటళ్లూ వెలిశాయి. రాకపోకలు ఒకవైపే అనుకోకండి. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం వాళ్లు మన ‘నాటు నాటు’కు స్టెప్పులేశారు. ఆ మరుసటి నెల బీటీఎస్ కుర్రాడు జంగ్‌కుక్ కూడా ఆ పాట పెట్టుకుని ఊగాడు.

ఇక తల్లులు భయపడాల్సిన సంగతికి వస్తాను, ఎందుకంటే భయం ఉత్తది కాదు. 2024 జనవరిలో పక్క తమిళనాడులో పదమూడేళ్ల ఆడపిల్లలు ముగ్గురు బీటీఎస్‌ను చూడాలని ఇల్లు విడిచి బయల్దేరారు. చేతిలో పద్నాలుగు వేల రూపాయలు. ఎటు పోదామనుకున్నారో తెలుసా? మన విశాఖపట్నానికి, అక్కడ ఓడెక్కి కొరియాకు! దేవుడి దయవల్ల దారిలోనే దొరికారు. ఆ పిల్లల తప్పు ఎంతో గానీ, వాళ్ల మనసులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం చూస్తే నాకు గుండె చెరువైంది.

ఫోను లాక్కుంటే ఆ మాటైనా ఇంకెప్పుడూ బయటికి రాదు. లాక్కోవద్దు. దగ్గర కూర్చుని నిజాలు కూడా చెప్పండి. ఆ సీరియల్లో వంట చేసిపెట్టే మొగుడు కొరియాలోనూ సులువుగా దొరకడు. అభివృద్ధి చెందిన దేశాల్లో ఆడా మగా జీతాల తేడా అందరికంటే ఎక్కువున్నది అక్కడే. మగవాళ్లకు నూరు వస్తే ఆడవాళ్లకు డెబ్బై. పెళ్లీ పిల్లలూ వద్దనుకుంటున్న ఆడపిల్లలు ఎక్కువైపోయి, 2023లో సగటున ఒక స్త్రీకి ఒక్క బిడ్డ కూడా లేని లెక్క తేలింది, 0.72. మరుసటి ఏడు 0.75. అంటే ఆ కాఫీ కాచే కెప్టెన్ కొరియా ఆడవాళ్లకూ కలే. జయంతికి రాజశేఖరం కల అయినట్టే.

ఆ తళతళలాడే పాటల పిల్లలనూ చూడమనండి. పదేళ్లు దాటీదాటగానే శిక్షణలో చేర్చి, తిండి లెక్క, నిద్ర లెక్క. కంపెనీలు ఎన్నేళ్లు పడితే అన్నేళ్లు కట్టిపడేస్తుంటే 2009లో అక్కడి ప్రభుత్వం ఒప్పందాలకు ఏడేళ్ల హద్దు పెట్టాల్సి వచ్చింది. సల్లి, గూ హారా అనే ఇద్దరు గాయనులు, స్నేహితురాళ్లు, 2019లో ఆరువారాల తేడాతో పోయారు. ఇద్దరినీ ఇంటర్నెట్‌లో జనం నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లే. ఒకరికి 25, ఒకరికి 28. అద్దంలాంటి చర్మం వెనుక ఇదీ ఉంది. ఆ చర్మం కోసమని పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు పూసుకోనివ్వకండి. అలాంటివాటిలో పాదరసం కలిపి ఉండొచ్చు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులను చూసిన డాక్టర్లు కారణం ఈ క్రీములేనని తేల్చారు. మొహం కడుక్కుని, ఎండలోకి పోయేటప్పుడు చున్నీ కప్పుకుంటే చాలు.

మరి ఈ మోజు ఎన్నాళ్లు? బీటీఎస్ ఏడుగురూ తప్పనిసరి సైనిక సేవకు వెళ్లి 2025 జూన్ నాటికి తిరిగొచ్చారు. అదే నెలలో వచ్చి ప్రపంచమంతా చూసిన ‘కె-పాప్ డీమన్ హంటర్స్’ బొమ్మల సినిమా కథ కొరియాది, పాటలు కొరియా పద్ధతి, తీసింది మాత్రం అమెరికా కంపెనీ. నెట్‌ఫ్లిక్స్ 2023లో నాలుగేళ్లకు 250 కోట్ల డాలర్లు కొరియా కథల మీద పెడతామంది. ఇంత డబ్బు వచ్చినచోట కొలత పెట్టి కోసిన రవికెల్లాంటి కథలు వస్తాయి. మన నవలలకూ అదే అయింది. యద్దనపూడి గారి తర్వాత ఎంతమంది ఆరడుగుల హీరోలు పుట్టలేదు! కారు రంగు మారింది, జయంతి ఆత్మాభిమానం మాత్రం ఎక్కడో జారిపోయింది, తర్వాత టీవీ వచ్చింది. పాటల బృందాలు మారిపోతూనే ఉంటాయి, వాటి గురించి నాకు బెంగ లేదు. ఆడదాని మనసు తెలిసినవాళ్లు రాస్తున్నంతకాలం ఆ సీరియల్ మాత్రం నిలబడుతుందని నా నమ్మకం.

2025 మార్చిలో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యూ ట్యాంజరీన్స్’ అందుకు సాక్ష్యం. కథ జేజు అనే దీవిలో. దాని కొరియా పేరు ఆ దీవి యాసలోనే పెట్టారు, "చాలా కష్టపడ్డారు" అని అర్థం. మన మాటను టీవీలో నౌకర్లకూ జోకర్లకూ పెట్టి నవ్వుకునే రోజులు చూసిన నాకు అది విని కడుపు నిండింది. సముద్రంలో మునిగి సంపాదించే తల్లి, కవిత్వం రాయాలనుకున్న కూతురు, ఆ కూతురి కూతురు... అత్తింట్లో మగవాళ్లది ఒక బల్ల, ఆడవాళ్లది ఇంకో బల్ల. కొత్త పెళ్లికొడుకు మగవాళ్ల బల్లకు వీపు తిప్పి, పెళ్లాం వైపు తిరిగి కూర్చుని అన్నం తింటాడు. ఒక్క మాట అనడు. మా దిక్కు ఇళ్లల్లో మగవాళ్లందరూ లేచాక అడుగు అన్నం తిన్న ఆడవాళ్లు ఆ ఒక్క ముక్క చూడాలి. అలాంటిది బిచ్కుంద మాటలో, బిచ్కుంద ఇంటి మీద ఎవరు రాస్తారో మరి... రాస్తే మీ అమ్మాయే రాయాలి. ఇప్పుడు ఫోనులో చూస్తున్న ఆ పిల్లే.

ఈ ఆదివారం పని తెమిలాక దాన్ని పెట్టమని పిల్లనే అడగండి. కింద వచ్చే అక్షరాలు మనకు అందవు, జరజరా పోతాయి. ఏమంటున్నారో పక్కన కూర్చుని చెప్పమనండి. చదువురాని నాయనమ్మ తమలపాకులు తుడుస్తూ కూర్చుంటే మనం వారపత్రిక సీరియల్ పైకి చదివి వినిపించేవాళ్లం కదా, అలాగే.